కారుతోపాటు వచ్చే నావిగేషన్: పనికొస్తుంది, కానీ దానితో పనంతా బండి కదలకముందే అయిపోవాలి

ఫోన్ ఉండగా కారులో వేరే నావిగేషన్ ఎందుకు, డబ్బు దండగ అని చాలామంది అంటుంటారు. నేను కొన్నేళ్లుగా కారుతో వచ్చిన నావిగేషన్‌నే వాడుతున్నాను, ఫోన్‌ని స్టాండ్‌లో పెట్టుకునీ నడిపాను, అద్దె కార్లలో వేరే కంపెనీలవీ చూశాను. మ్యాప్ ఎంత అందంగా ఉంది, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, భవనాలు త్రీడీలో కనిపిస్తాయా అన్నవి షోరూమ్‌లో మురిసిపోవడానికి బాగుంటాయి. నేను చూసేది ఒక్కటే: బండి నడుస్తున్నంతసేపూ అది నా కళ్లని ఎన్నిసార్లు, ఎంతసేపు తనవైపు తిప్పుకుంటోంది. ఆ లెక్కన చూస్తే దారి చూపించడంలో మా కారు సిస్టమ్‌కి మంచి మార్కులే వేస్తాను, చిరునామా కొట్టించుకునే తీరుకి మాత్రం సున్నా.

ఎందుకింత పట్టింపు అంటే, దీని వెనక గట్టి లెక్కలే ఉన్నాయి. అమెరికాలో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2013లో కార్ల కంపెనీలకి కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. స్క్రీన్ మీద ఏ పనైనా సరే, ఒక్కో చూపు సాధారణంగా 2 సెకన్లలోపే ఉండాలి, ఆ పని పూర్తయ్యేసరికి రోడ్డు మీంచి కళ్లు తిప్పిన సమయం మొత్తం కలిపి 12 సెకన్లు దాటకూడదు అని. ఈ 2 సెకన్లు ఎవరో గాల్లోంచి తీసిన అంకె కాదు. అంతకుముందు వర్జీనియా టెక్ పరిశోధకులు 100 కార్లలో కెమెరాలు బిగించి, మనుషులు రోజూ ఎలా నడుపుతారో అలాగే రికార్డు చేసి చూశారు. 2006లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం, 2 సెకన్లకి మించి చూపు పక్కకి పోతే ప్రమాదమో, త్రుటిలో తప్పిపోయిన ప్రమాదమో జరిగే అవకాశం కనీసం రెట్టింపు అవుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో 2 సెకన్లంటే 33 మీటర్లు, 100లో అయితే 55 మీటర్లు. అంత దూరం మనం ముందు ఏముందో చూడకుండా పోతున్నాం. ముందు కారు బ్రేకు వేయడానికి అందులో సగం చాలు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దూరంగా ఉన్న రోడ్డు మీంచి దగ్గరున్న స్క్రీన్ మీదకి చూపు మారినప్పుడు కన్ను ఫోకస్ మార్చుకోవాలి, మళ్లీ రోడ్డు మీదకి వచ్చేటప్పుడూ మార్చుకోవాలి. చత్వారం వచ్చినవాళ్లకి ఇది ఇంకా ఆలస్యం అవుతుంది, చిన్న అక్షరాలైతే అసలు కుదరదు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా నడిపే కారైతే కొనేముందు వాళ్లని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, వాళ్లు రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనే స్క్రీన్ మీద వీధి పేరు చదవమనండి. స్పీడోమీటర్ పక్కనే బాణం గుర్తు, మలుపుకి ఎంత దూరం అన్నది చూపించే కార్లు ఈ విషయంలో చాలా నయం, ఎందుకంటే చూపు పక్కకి తిరగక్కర్లేదు, కాస్త కిందకి దించితే చాలు. ముందు అద్దం మీద వెలుగుతో చూపించే హెడ్ అప్ డిస్‌ప్లే ఉంటే అది కూడా అక్కర్లేదు. పోలరైజ్డ్ చలువ కళ్లజోడు పెట్టుకుంటే మాత్రం ఆ బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, కొన్ని కార్లలో మామూలు స్క్రీన్ కూడా నల్లగా అయిపోతుంది. ఎండలో టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు అది కూడా చూసుకోవాలి.

ముందు మంచి చెప్తాను. కారుతో వచ్చే నావిగేషన్‌కి ఫోన్‌కి లేని ఒక బలం ఉంది: అది ఉపగ్రహాల మీదే ఆధారపడదు. చక్రాలు ఎంత తిరిగాయో, బండి ఎటు తిరిగిందో కారులోని సెన్సర్లు, గైరో (బండి తిరుగుడుని పసిగట్టే పరికరం) చెప్తుంటాయి కాబట్టి సిగ్నల్ లేనిచోట కూడా లెక్క కట్టుకుంటూ పోతుంది. పొడవైన సొరంగంలో, ఎత్తైన భవనాల మధ్య, అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లోంచి బయటికొచ్చిన మొదటి మలుపులో ఈ తేడా తెలుస్తుంది. ఫోన్‌లో నీలం చుక్క అటూ ఇటూ గెంతుతూ, ఎటు తిరగాలో చెప్పకుండా సతాయిస్తుంటే ఎవరైనా సరే స్క్రీన్ వైపు పదే పదే చూస్తారు. ఇక్కడ ఆ బాధ చాలా తక్కువ. నిజానికి కార్లలో నావిగేషన్ మొదలైందే ఇలా. హోండా 1981లో జపాన్‌లో తెచ్చిన ఎలక్ట్రో గైరోకేటర్‌లో జీపీఎస్ లేనే లేదు. గైరోతో దిక్కు, చక్రాలతో దూరం కొలుచుకుని, స్క్రీన్ ముందు పెట్టిన పారదర్శకమైన మ్యాప్ షీటు మీద కారు ఎక్కడుందో చుక్కతో చూపించేది. జీపీఎస్‌తో కంపెనీయే బిగించి ఇచ్చిన కారు 1990లో మాజ్దా యూనోస్ కాస్మోతో వచ్చింది. అంత పాత ఉపాయం ఇవాళ్టికీ సొరంగంలో మనల్ని కాపాడుతోంది అంటే నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఫోన్‌తో వచ్చే ఇంకొన్ని చికాకులు కూడా ఉండవు. ఎండకి వేడెక్కి స్క్రీన్ మసకబారడం, గతుకుల్లో స్టాండ్ ఊడి కాళ్ల దగ్గర పడడం, సరిగ్గా మలుపు దగ్గర ఎవరో ఫోన్ చేస్తే మ్యాప్ మాయం కావడం, మెసేజ్ వచ్చి పైన తెర దిగడం. ఫోన్ కాళ్ల దగ్గర పడితే దాన్ని తీయడానికి వంగే మనిషిని చూశాక నాకు స్టాండ్ అంటేనే టెన్షన్. ఎలక్ట్రిక్ కారున్నవాళ్లకైతే సొంత నావిగేషనే మేలు, చాలా మోడళ్లలో బ్యాటరీ ఎంతుందో దానికి తెలుసు కాబట్టి ఎక్కడ ఆగి చార్జింగ్ పెట్టుకోవాలో కలిపి దారి వేస్తుంది.

ఇక చెడు. గమ్యం టైప్ చేయడం. ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కాలి, మన వేలు నొక్కిన రెండు క్షణాలకి అది స్పందిస్తుంది, ఈలోపు పడలేదేమో అనుకుని మళ్లీ నొక్కితే అక్షరం రెండుసార్లు పడుతుంది, ఊరు ముందా వీధి ముందా అని దానికో వరస ఉంటుంది, ఆ వరసలో ఇవ్వకపోతే దొరకలేదు అంటుంది. ఇది మా కారు ఒక్కదాని జబ్బు కాదు. అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధనలు చేయించే ఏఏఏ ఫౌండేషన్ కోసం యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో 30 కొత్త కార్లని పరీక్షించి చూస్తే, డ్రైవర్ దృష్టిని అన్నిటికన్నా ఎక్కువ లాగిన పని నావిగేషన్‌లో గమ్యం పెట్టడమే అని తేలింది. ఆ పని పూర్తి కావడానికి సగటున 40 సెకన్లు. గంటకి 40 కిలోమీటర్ల నింపాది వేగంలో కూడా 40 సెకన్లలో దాదాపు 450 మీటర్లు పోతాం. పైన చెప్పిన 12 సెకన్లు కళ్లు తిప్పిన సమయం, ఈ 40 పని మొత్తానికి పట్టిన సమయం, రెండూ ఒకే కొలత కాదు, అయినా ఇది తక్కువేం కాదు.

అందుకే చాలా కార్లలో బండి కదలగానే కీబోర్డు లాక్ అవుతుంది. దీన్ని తిట్టుకునేవాళ్లు, ఎలా తీసేయాలి అని బజారులో అడాప్టర్లు వెతికేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ లాక్ లేని కారులో ప్రయాణించాల్సి వస్తే నాకు భయమేస్తుంది. ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే, పక్కన కూర్చున్న మనిషి కూడా టైప్ చేయలేకపోవడం. కొన్ని కార్లలో పక్క సీట్లో మనిషి ఉంటే ఒప్పుకునే ఏర్పాటు ఉంది, చాలావాటిలో లేదు. మా ఆయన పక్కన ఉన్నా కూడా మేం బండి ఒక పక్కకి ఆపే మారుస్తాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మార్చేద్దాం అనే ఆలోచన కూడా నాకు నచ్చదు, ఎర్రలైటు ఎప్పుడు మారుతుందో అన్న హడావుడిలో సగం కొట్టి వదిలేస్తాం, పచ్చలైటు పడ్డాక మిగతా సగం మనసుని పీకుతూనే ఉంటుంది.

నోటితో చెప్తే సరిపోతుందిగా అంటారు. సరిపోతుంది, కొంతవరకు. స్టీరింగ్ మీద బటన్ నొక్కి "ఇంటికి" అంటే దారి వేస్తుంది, అది హాయి. కొత్త ఊళ్లో కొత్త వీధి పేరు చెప్తే మాత్రం అది ఇంకేదో వింటుంది, నాలుగు పేర్లు జాబితా వేసి ఒకటి ఎంచుకోమంటుంది, మళ్లీ కళ్లు స్క్రీన్ మీదకే. పైగా చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీద ఉన్నంత మాత్రాన మనసు రోడ్డు మీద ఉన్నట్టు కాదు. ఆ యూటా బృందమే 2015లో చూపించింది, మాటలతో ఆదేశాలు ఇచ్చే సిస్టమ్‌ల్లో కొన్నిటి విషయంలో, పని అయిపోయాక కూడా డ్రైవర్ పరధ్యానం 27 సెకన్ల దాకా పోలేదని. అందుకని వాయిస్‌ని ముందే సేవ్ చేసుకున్న చోట్లకీ, పెట్రోల్ బంకు వెతకడం లాంటి చిన్న పనులకీ వాడుకుంటాను. అది ఒకసారి చెప్తే వినకపోతే రెండోసారి దానితో వాదన పెట్టుకోను.

మరి ఎలా వాడాలి? ఇంజన్ ఆన్ చేసి, బెల్టు పెట్టుకుని, కదలకముందే గమ్యం పెట్టేయడం. ఇంటర్నెట్ ఉన్న కార్లలో అయితే ఇంట్లో కూర్చునే ఫోన్ యాప్‌లోంచి చిరునామాని కారుకి పంపొచ్చు, నాకు ఈ సిస్టమ్‌లో బాగా నచ్చిన సదుపాయం ఇదే. గమ్యం పెట్టాక వెంటనే బయల్దేరకుండా దారి మొత్తం ఒకసారి చూపించే ఓవర్‌వ్యూ బటన్ నొక్కండి. ఏ పెద్ద రోడ్డు ఎక్కుతున్నాం, ఎక్కడ దిగుతున్నాం, చివరి రెండు మలుపులు ఎటు. అర నిమిషం చాలు. ఇది చూసి బయల్దేరితే దారిలో గొంతు చెప్పేవన్నీ మనకి తెలిసిన కబురులాగే ఉంటాయి, స్క్రీన్ చూసి నిర్ధారించుకోవాలన్న ఆత్రం ఉండదు. పేరు ఒకటే అయినా వేరే ఊళ్లోని వీధిని ఎంచుకుంటే కూడా ఇక్కడే దొరికిపోతుంది.

సెట్టింగుల్లో కంపెనీ ఇచ్చినవి అలాగే వదిలేస్తే సగం లాభం పోతుంది. మ్యాప్ మీద హోటళ్లు, బంకులు, దుకాణాల గుర్తులు కిక్కిరిసి ఉంటాయి, నేను అన్నీ తీసేశాను, దారి గీత, ముందు మలుపు, వేగ పరిమితి ఉంటే చాలు. మ్యాప్ ఉత్తరం పైకి ఉండేలా కాకుండా బండి వెళ్లే దిక్కు పైకి ఉండేలా పెట్టుకుంటే కుడి ఎడమలు మనసులో తిప్పుకోవాల్సిన పని ఉండదు. ఆటో జూమ్ ఆన్‌లో ఉంచాలి, మలుపు దగ్గర దానంతటదే దగ్గరకి చూపిస్తుంది, వేళ్లతో లాగే అవసరం రాదు. రాత్రి మోడ్ హెడ్‌లైట్లతోపాటు దానంతటదే మారేలా పెట్టండి, ఇంకా కాంతి ఎక్కువనిపిస్తే తగ్గించండి, చీకట్లో తెల్లటి స్క్రీన్ చూసిన కళ్లకి ఆ తర్వాత రోడ్డు పక్కన నడుస్తున్న మనిషి కనపడడు. గొంతు శబ్దం పాటల శబ్దంతో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. చాలా కార్లలో అది మాట్లాడుతున్నప్పుడు వాల్యూమ్ నాబ్ తిప్పితే గొంతు ఒక్కటే పెరుగుతుంది, ఈ చిన్న విషయం తెలియక విసుగొచ్చి గొంతునే ఆపేసి, మ్యాప్ చూస్తూ నడిపేవాళ్లున్నారు. అది తలకిందుల పద్ధతి. స్క్రీన్ లేకపోయినా గొంతుతో వెళ్లగలగాలి.

చేరే సమయం చూపించే అంకెని కూడా నేను తీసేసి, మిగిలిన దూరం మాత్రం పెట్టుకున్నాను. ఆ అంకె ఒక నిమిషం తగ్గితే ఇంకా తగ్గిద్దామని కాలు యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది, ట్రాఫిక్‌లో అది పెరుగుతుంటే పక్కవాళ్ల మీద చిరాకు పెరుగుతుంది. అందరికీ ఇలా అనిపించదేమో, ఒకసారి తీసేసి నడిపి చూడండి. దారి ఎంపికలో "తక్కువ దూరం" అన్నది పెట్టుకోకండి. రెండు వందల మీటర్లు కలిసొస్తాయని ఇరుకు సందుల్లోకి, ఎదురుగా బండొస్తే వెనక్కి తీయాల్సిన చోట్లకి తీసుకెళ్తుంది. "త్వరగా చేరే దారి" మేలు, కొన్నిటిలో మట్టిరోడ్లు వద్దు అనే ఎంపిక కూడా ఉంటుంది, అది ఆన్ చేసుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది: మలుపు తప్పిపోవడం. నావిగేషన్‌తో జరిగే ప్రమాదకరమైన పనుల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి. ఎడమకి తిరగండి అంది, మనం కుడి లేన్‌లో ఉన్నాం, అప్పటికప్పుడు మూడు లేన్లు అడ్డంగా కోసేస్తారు, లేదా హైవేలో ఎగ్జిట్ దాటేసి ఆపి రివర్స్ చేస్తారు. ఎందుకు? సిస్టమ్ చెప్పిన మాట జవదాటకూడదు అన్నట్టు. అది మళ్లీ దారి వేయడానికి పట్టేది కొన్ని సెకన్లు, చాలాసార్లు కొన్ని నిమిషాలు ఆలస్యం అవుతుంది, అంతే. తప్పిపోతే నేరుగా వెళ్లిపోండి, అదే చూసుకుంటుంది. వీలైతే యూటర్న్ తీసుకోండి అని అది పట్టుబడుతుంది ఒక్కోసారి, ఆ "వీలైతే" అన్నది నిర్ణయించాల్సింది మనమే, దానికి ఎదురుగా వచ్చే లారీ కనిపించదు. మా కారు సిస్టమ్ ఈ విషయంలో బాగుంది, తప్పిపోగానే గోల చేయదు, కొద్దిగా ఆగి కొత్త దారి చెప్తుంది. అద్దెకి తీసుకున్న ఒక కారులో మాత్రం వరసగా నాలుగుసార్లు వెనక్కి తిరగమని చెప్పింది, అలాంటిది కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ల చేతికి ఇవ్వడం మంచిది కాదు. మలుపు ముందు ఎంత దూరంలో చెప్తుందో కూడా చూడండి. పెద్ద రోడ్డు మీద 2 కిలోమీటర్ల ముందు ఒకసారి, 500 మీటర్ల దగ్గర ఇంకోసారి చెప్పి, ఏ లేన్‌లో ఉండాలో బొమ్మ చూపిస్తే నింపాదిగా మారొచ్చు.

నమ్మకూడని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. ఫ్లైఓవర్ మీద ఉన్నామా, దాని కిందున్న రోడ్డు మీద ఉన్నామా అన్నది అది తరచూ పొరబడుతుంది, ఎందుకంటే పైనుంచి చూస్తే రెండూ ఒకే చోట ఉన్నాయి, జీపీఎస్‌లో ఎలాగూ కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. పక్కపక్కనే సాగే రెండు రోడ్ల దగ్గరా ఇదే సమస్య. అక్కడ బోర్డులే చూసుకోవాలి. వన్‌వేగా మారిన వీధి, తవ్వి పెట్టిన రోడ్డు, నీళ్లు పారుతున్న కల్వర్టు, మూసేసిన వంతెన దానికి తెలియకపోవచ్చు. మ్యాప్ పాతదైతే అసలే తెలియదు. రోడ్డు మీద బోర్డు ఒకటి చెప్పి స్క్రీన్ ఇంకోటి చెప్తే బోర్డు మాటే వినాలి, ట్రాఫిక్ పోలీసు చెయ్యి చూపిస్తే ఇక ఆలోచనే అక్కర్లేదు. స్క్రీన్ మీద వేగ పరిమితి కూడా అంతే, అది సాయం మాత్రమే.

మ్యాప్ అప్‌డేట్ అనేది ఈ సిస్టమ్‌లో రెండో పెద్ద లోపం. ఫోన్‌లో మ్యాప్ దానంతటదే మారుతుంటుంది. కారులో అయితే కొన్నిటికి ఇంటర్నెట్ ద్వారా వస్తుంది, కొన్నిటికి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెళ్లాలి, కొన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత డబ్బు. కొనేటప్పుడే ఎన్నేళ్లు ఉచితం, తర్వాత ఎంత అని రాయించుకోండి. ట్రాఫిక్ సమాచారంలో కూడా ఫోన్‌దే పైచేయి. అందుకే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్న కారులో ఫోన్ మ్యాప్‌ని కారు స్క్రీన్ మీదకి తెచ్చుకోవడం చాలామందికి సరిపోతుంది. ఫోన్ బ్యాగులోనే ఉంటుంది, గొంతు కారు స్పీకర్లలో వస్తుంది. నన్ను అదనంగా పెద్ద మొత్తం కట్టి సొంత నావిగేషన్ తీసుకోవాలా అని అడిగితే, సొరంగాలు, సిగ్నల్ లేని కొండదారులు ఎక్కువ తిరిగేవాళ్లు, ఎలక్ట్రిక్ కారున్నవాళ్లు తీసుకోండి అంటాను, మిగతావాళ్లకి ఆండ్రాయిడ్ ఆటో ఉంటే చాలు.

దేనికి డబ్బు పెట్టినా బటన్లు చూసి పెట్టండి. స్వీడన్‌లో వి బిలాగరే అనే కార్ల పత్రిక 2022లో ఒక పరీక్ష చేసింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంలో, ఏసీ మార్చడం, రేడియో పెట్టడం లాంటి నాలుగు మామూలు పనులు డ్రైవర్ల చేత చేయించింది. బటన్లున్న 2005 నాటి పాత వోల్వోలో 10 సెకన్లలో, 306 మీటర్లలో అయిపోయాయి. అన్నీ స్క్రీన్‌లోకి తోసేసిన ఒక కొత్త కారులో దాదాపు 45 సెకన్లు, 1,372 మీటర్లు పట్టింది. వాళ్లకి ముందే కారు అలవాటు చేసుకునే సమయం ఇచ్చినా ఇదీ సంగతి. యూరప్‌లో కార్ల భద్రతకి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, హారన్, వైపర్, హజార్డ్ లైట్ లాంటివాటికి విడిగా బటన్లు ఉంటేనే పూర్తి మార్కులు అంటోంది. నావిగేషన్ వరకు అయితే గొంతుని మళ్లీ వినిపించే బటన్, వాల్యూమ్ నాబ్, మ్యాప్‌కి ఒక్క నొక్కుతో తిరిగొచ్చే బటన్, ఈ మూడూ చేతికి తగిలేలా ఉండాలి.

టెస్ట్ డ్రైవ్‌లో సేల్స్‌మన్ వేసే డెమో చూసి ఊరుకోకండి. ఆగి ఉన్నప్పుడు మీకు తెలిసిన ఒక చిరునామా మీరే టైప్ చేయండి, ఎంతసేపు పడుతుందో చూడండి. తర్వాత స్క్రీన్‌ని పూర్తిగా ఆపేసి, గొంతు ఒక్కదానితో అక్కడికి వెళ్లండి. కావాలనే ఒక మలుపు వదిలేసి ఎలా సర్దుకుంటుందో గమనించండి. కుదిరితే సాయంత్రం చీకటి పడ్డాక ఇంకోసారి అడగండి, ఇస్తారు. ఇక పాత కారు అమ్మేటప్పుడు, అద్దె కారు తిరిగిచ్చేటప్పుడు "ఇల్లు" అని సేవ్ చేసిన చిరునామా, తిరిగిన చోట్ల జాబితా, జతచేసిన ఫోన్ పేరు అన్నీ అందులోనే ఉంటాయి, సెట్టింగుల్లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాకే తాళాలు ఇవ్వండి.